పదిహేడు చోట్ల పేరు, నాలుగిళ్ళ లేన్

ఫోన్‌లో నీలం చుక్క ఎటు పొమ్మంటే అటు కారు తిప్పే తరం మీది. ఆ చుక్క కింద దారులు గీసి, వాటికి పేర్లు రాసి, ఇళ్ళకి నంబర్లు అంటించిన గుమాస్తాలు ఎక్కడో ఉంటారని మీకు తట్టి ఉండదు. ఇల్లినాయ్‌లో, షికాగోకి పడమరగా ఉన్న ఒక కౌంటీ ఆఫీసులో ముప్ఫయ్యొక్క ఏళ్ళు నేను చేసిన పని అదే. వంతెనలు కడదామని సివిల్ ఇంజనీరుగా చేరితే మ్యాపుల గదిలో కూర్చోబెట్టారు. మా ఆవిడ మాటల్లో చెప్పాలంటే, బతికుండగానే నన్ను పటం కట్టేశారు.

ఇది 2004 ప్రాంతంలో జరిగింది. ఇందులో మనుషుల పేర్లు రాయను. కౌంటీ పేరూ రాయను. అసలు ఈ కథంతా ఒకే ఒక్క పేరు చుట్టూ తిరుగుతుంది, అదీ రాయను. పెన్షన్ మీద బతికేవాడికి భయం ఉంటుందిలే అనుకుంటారేమో, కారణం అది కాదు. చివర్లో చెప్తాను.

ఆ పేరు పొటావాటమీ జాతి నాయకుడిది. మా కౌంటీ నేలంతా ఒకప్పుడు ఆ జాతివాళ్ళు తిరిగిన నేల. నూట డెబ్భై ఏళ్ళ కిందట ఒప్పందాల మీద ఒప్పందాలు రాయించుకుని, వాళ్ళని మిసిసిపీ దాటించి పడమరకి పంపేశారు. ఆ కాగితాల మీద ఆయన పేరు ఎవరో రాస్తే, పక్కన ఆయన ఒక చిన్న గుర్తు గీశాడు. ఆయనకి ఇక్కడ సెంటు భూమి మిగల్లేదు కానీ పేరు మాత్రం ఊరూరా మిగిలింది. నామకరణమూ చేశారు, నామమూ పెట్టారు.

నా లెక్కన ఆ పేరు పదిహేడు చోట్ల ఉండేది. ఒక వాగు, ఒక హైస్కూలు, ఒక కాలేజీ, ఒక పార్కు, ఒక గోల్ఫ్ కోర్సు, ముసలివాళ్ళ హోము, పశువుల ఆసుపత్రి, పిజ్జా షాపు ఇలా పన్నెండు, వాటికి తోడు ఐదు రోడ్లు. రోడ్లన్నిటికీ ముందు ఆయన పేరే, తోక మాత్రం వేరు: ఒకటి రోడ్, ఒకటి కోర్ట్, ఒకటి డ్రైవ్, ఒకటి ట్రెయిల్, ఒకటి లేన్. మొక్కజొన్న చేలు పీకి కాలనీలు వేసే బిల్డర్లకి ఆ పేరంటే మహా మోజు. వాళ్ళు పెడుతూ పోయారు, మేం రాసుకుంటూ పోయాం, పేర్లు పేరుకుపోయాయి.

ఐదింటిలో లేన్ అన్నిటికంటే పాతది. వాగు పక్కన అర మైలు కంకర దారి, నాలుగిళ్ళు. ట్రెయిల్ అన్నిటికంటే కొత్తది. నూటపన్నెండు ఇళ్ళ కాలనీ, సగానికి సగం మనవాళ్ళే. ఆదివారం పొద్దున ఆ వీధిలో నడిస్తే ఇంటింటా ఇంగువ పోపు వాసన.

ఆ ఏడాది కౌంటీలో ఆపదవేళ జనం చేసే 911 ఫోన్లు తీసుకునే గదిలో పాత గోడ మ్యాపు తీసేసి కంప్యూటర్ మ్యాపు పెట్టారు. దాన్ని తయారుచేసినవాణ్ణి నేనే. ఆపరేటరు రోడ్డు పేరు కొడితే ఆ పేరున్న రోడ్లన్నీ వరసగా తెర మీదికి వస్తాయి. ఏది ముందు రావాలి అన్న ప్రశ్న వచ్చింది. ఎక్కువ ఇళ్ళున్నది పైన, తక్కువ ఇళ్ళున్నది కింద అని పెట్టాను. ఎక్కువమంది ఉన్నచోటి నుంచే ఎక్కువ ఫోన్లు వస్తాయి కదా. చాలా తెలివైన పని చేశాననుకుని ఆ సాయంత్రం ఇంటికెళ్ళి మా ఆవిడకి వివరించాను కూడా. ఆవిడ బీరకాయ చెక్కు తీస్తూ, "అయితే మనిల్లు ఎక్కడుంటుందండీ?" అంది. మధ్యలో అన్నాను. "మధ్యలో ఉంటే ఫరవాలేదు లెండి," అంది. అందులో ఏదో ఉందని అప్పుడు తోచలేదు.

రెండు నెలల తరవాత, ఒక బుధవారం మధ్యాహ్నం, లేన్‌లో పన్నెండో నంబరు ఇంటి ముసలి రైతు కొట్టంలో కూలిపోయాడు. పక్షవాతం. ఆయన భార్యకి ఎనభై దగ్గర పడ్డాయి. ఏప్రన్ జేబులో కూతురు కొనిచ్చిన సెల్‌ఫోన్ ఉంది, దాంతో 911 కొట్టింది. ఇంటి ఫోనైతే అడ్రస్ దానంతటదే తెర మీదికి వచ్చేది. ఆ రోజుల్లో సెల్‌ఫోన్‌కి ఆ తెలివి ఇంకా రాలేదు. ఆవిడ కంగారులో పన్నెండో నంబరు అని, ఆ పేరు చెప్పి, మొగుడి తల ఒళ్ళో పెట్టుకుంది. ఫోన్ తీసింది కొత్తగా చేరిన ఆపరేటరు. పేరు కొట్టింది, వరసలో పైనున్నది నొక్కింది. పైనున్నది ట్రెయిల్.

ట్రెయిల్‌లోనూ పన్నెండో నంబరు ఉంది. అక్కడ అంబులెన్సు ఆగేసరికి నిక్షేపంలా ఉన్న తెలుగు ఇల్లాలు తలుపు తీసి, ఎవరికి బాగాలేదోనని తానే బెంబేలు పడిందట. అసలు ఇంటికి చేరేసరికి పదకొండు నిమిషాలు ఆలస్యం. రైతు బతికాడు. మాట పోయింది, కుడి చెయ్యి సగం పోయింది.

మర్నాడు పొద్దున్నే ఆ గదిలోని సీనియర్ ఆపరేటరు నా బల్ల దగ్గరికి వచ్చింది. ఇరవై ఆరేళ్ళుగా ఫోన్లు తీస్తున్న మనిషి. కౌంటీలో ఏ మలుపులో ఏ చెట్టుందో మ్యాపు చూడకుండా చెప్పగలిగేది. గవర్నరునైనా, గుమాస్తానైనా హనీ అనే పిలిచేది. నిన్న ఆ ఫోన్ వచ్చినప్పుడు ఆవిడ భోజనానికి వెళ్ళింది.

"హనీ, నా తెర మీద ఆ నాలుగిళ్ళు అట్టడుగున ఎందుకున్నాయి?"

వివరించాను. ఎక్కువ ఇళ్ళు, ఎక్కువ ఫోన్లు, అంతా చెప్పాను.

ఆవిడ పూర్తిగా విని, "ఓహో. చావు కూడా జనం ఎక్కువున్న ఇంటికే ముందొస్తుందా?" అంది.

"నా దగ్గర కూర్చున్న పిల్ల రాత్రంతా ఏడ్చింది. తప్పు తనదేననుకుంటోంది. నేనేం చెప్పాలి దానికి?"

"తప్పు ఆ అమ్మాయిది కాదని చెప్పండి."

"మరి ఎవరిదని చెప్పాలి?"

నాదని అనలేకపోయాను. సిగ్గుతో చెప్తున్నాను, ఆ మౌనం ఇంకో రెండు నెలలు నడిచింది. విచారణలో మా ఆఫీసు ఒకటే రాసింది: ఒకే పేరు పలు రోడ్లకి ఉండటం వల్ల పొరపాటు జరిగింది. నేరమంతా ఆ పొటావాటమీ నాయకుడి పేరు మీదికి పోయింది. చనిపోయి ఏళ్ళూ పూళ్ళూ అయినా ఆయన మన బరువు మోస్తూనే ఉన్నాడు.

కౌంటీ బోర్డు ఒక నిర్ణయం చేసింది. స్కూలు, కాలేజీ జోలికి పోరు కానీ రోడ్లలో మాత్రం ఆ పేరు ఒక్కదానికే ఉండాలి, మిగతా నాలుగూ మారాలి. ఏది ఉంచాలో, మిగతావి ఏ వరసలో మార్చాలో జాబితా రాసే పని నాకే వచ్చింది. దారి తప్పించినవాడి చేతికే మళ్ళీ దిక్సూచి.

వార్త ట్రెయిల్‌కి పాకింది. అక్కడ నాకో మిత్రుడున్నాడు. ఆఫీసులో కాదు, తెలుగు సంఘంలో పరిచయం. వరంగల్ నుంచి వచ్చి షికాగోలో ప్రోగ్రామరుగా పనిచేస్తున్నాడు, హెచ్-1బీ. నన్నూ మా ఆవిడనీ శనివారం భోజనానికి పిలిచాడు. వెళ్ళేసరికి ఆ వీధి వాళ్ళు ఇంకో నలుగురున్నారు.

"అన్నా, జర చూడుండ్రి," అన్నాడు పళ్ళెంలో వేడివేడి సర్వపిండి వేస్తూ. "నా గ్రీన్ కార్డ్ ప్రాసెస్ నడుస్తున్నది. ఇప్పుడు అడ్రస్ చేంజ్ అంటే ఇమిగ్రేషన్‌లో ఏం కిరికిరి అయితదో. ఇల్లు మారలే, మేం మారలే, వీధి పేరు మారిందంటే వాళ్ళు నమ్ముతరా?"

"ఏఆర్-11 అని ఒక ఫారం ఉంటుంది కదా, అది పంపితే చాలు," అన్నాను.

"అదే అన్నా భయం. నేను పంపితే అది ఫైల్‌లకు పోతదో పోదో. మా దోస్తుది లెటర్ పాత అడ్రస్‌కు పోయి ఏడాది లేటయింది. మీరు మన మనిషి. మీ చేతుల పని."

పక్కనున్న గుంటూరాయన అందుకున్నాడు. "మా ఇంట్లో నలుగురికీ మార్చాలండీ. డ్రైవింగ్ లైసెన్సు, బ్యాంకు, ఇన్సూరెన్సు, పిల్లల స్కూలు. అక్కడ నాలుగిళ్ళేగా. వాళ్ళకెందుకండీ ఇబ్బంది?"

అందరి కళ్ళలోనూ నిజమైన భయముంది. నాకది తెలుసు. డెబ్భైల్లో వచ్చినప్పుడు ఇమిగ్రేషన్ ఉత్తరం వచ్చిందేమోనని నేనూ రోజుకి రెండుసార్లు పోస్టు డబ్బా తెరిచి చూసేవాణ్ణి. సోమవారం ఆఫీసుకి వెళ్ళి నియమం రాశాను: ఎవరిది మారిస్తే తక్కువమందికి ఇబ్బందో, వారిది ముందు మార్చాలి. అంకెల ముందు ఎవరూ నోరెత్తరు. జాబితాలో మొదట మారేది లేన్. నూటపన్నెండు ఇళ్ళ ట్రెయిల్‌కి పేరు దక్కింది. నియమంలో ఎక్కడా తప్పు లేదు, అందుకే ఇంకా బాగా నిద్ర పట్టాల్సింది. పట్టలేదు. సర్వపిండికి లొంగిన మొదటి సర్వేయర్ని నేనే అయ్యుంటాను.

ఆ జాబితా మీద బోర్డు పెట్టిన బహిరంగ సభకి ముందురోజు మా డైరెక్టరు నన్ను పిలిచాడు. లేన్‌లోని రైతు భార్య కాన్సస్‌లో ఉన్న పొటావాటమీ వాళ్ళ ఆఫీసుకి ఉత్తరం రాసిందట. వాళ్ళ తరఫున ఒక పెద్దాయన, ఆ నాయకుడి వంశంవాడే, సభకి వచ్చాడు, పది గంటలు తానే కారు నడుపుకుని. ఆ పేరున్న చోట్లన్నీ చూడాలంటున్నాడు.

"నువ్వు తిప్పి చూపించు. నువ్వూ ఇండియనేగా," అన్నాడు డైరెక్టరు, తన జోకుకి తానే నవ్వుకుంటూ.

మా వృత్తిలో అన్నిటికంటే పెద్ద తప్పు నాది కాదు, ఒక నావికుడిది. దారి తప్పి వేరే ఖండానికి వచ్చి, ఇక్కడివాళ్ళకి మా పేరు పెట్టి పోయాడు. అలా కలిసిన చుట్టరికంతో ఆయన్ని నా కారెక్కించుకున్నాను.

డెబ్భై దాటిన మనిషి. ముప్ఫయ్యేళ్ళు స్కూలు బస్సు నడిపి రిటైరయ్యాడట. సీటులో కూర్చోగానే అద్దాలు చూసి, "ఎడమ అద్దం కొంచెం లోపలికి ఉంది," అన్నాడు. సర్దుకున్నాను. నిజమే.

ఎక్కడికి తీసుకెళ్ళినా దిగేవాడు. టోపీ తీసి, బోర్డు కింద ఒక్క నిమిషం నిలబడి, మళ్ళీ ఎక్కేవాడు. హైస్కూలు ముందు ఆగిన పసుపు బస్సులు లెక్కపెట్టి, "మంచి బస్సులు," అన్నాడు. కాలేజీ లైబ్రరీలో చదువుకుంటున్న పిల్లల్ని తలుపు అద్దంలోంచి చాలాసేపు చూశాడు. గోల్ఫ్ కోర్సు దగ్గర, "ఇంత నేల, ఇంత చిన్న బంతి," అన్నాడు. నేను కోపం కోసం ఎదురుచూస్తున్నాను. రాలేదు. పిజ్జా షాపు దగ్గరికి వచ్చేసరికి నాకే తల ఎత్తబుద్ధి కాలేదు. ఆయన బోర్డు చూసి, "ఆకలేస్తోంది. మనవాడి కొట్టేగా, రా," అన్నాడు.

పిజ్జా తింటూ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాను. మా అబ్బాయికి మా నాన్నగారి పేరు పెట్టాం. మామగారి పేరు మా ఆవిడ నోటితో పలకదు. అందుకని కొడుకుని పుట్టినప్పటినుంచీ బాబూ అనే పిలుస్తుంది. కిండర్‌గార్టెన్‌లో చేర్పించే రోజు టీచరు, మీ అబ్బాయి పేరేమిటని అడిగితే ఆవిడ నా వైపు చూసింది. కన్నకొడుకు పేరు తెలియని తల్లని ఆ టీచరు ఏదో రాసుకుంది కూడా.

ఆయన పడీపడీ నవ్వాడు. "పిల్లాడు తప్పిపోతే పోలీసులకి ఏం చెప్తుంది?"

"అందుకే వాణ్ణి ఎప్పుడూ తప్పిపోనివ్వలేదు," అన్నాను. "మీ ఇంట్లో ఈ పేరున్న పెద్దాయన్ని ఏమంటారు?"

"తాతయ్య," అన్నాడు. "ఎన్నో తరం తాతో మాకూ సరిగ్గా తెలియదు. తాతయ్య అనే అంటాం."

చివరగా లేన్‌కి వెళ్ళాం. వాగు పక్కన వాల్‌నట్ చెట్ల కింద కంకర దారి. వాళ్ళ ఎండాకాలపు మకాం అక్కడే ఉండేదని ఆయన ఇంట్లో చెప్పుకుంటారట. బోర్డు కొంచెం వంగి ఉంది. ఆయన దాన్ని చేత్తో నిటారుగా చేసి, వదిలి, మళ్ళీ వంగుతుందేమోనని చూశాడు. అప్పుడు అడిగాడు. "ఏవి ఉంటాయి, ఏవి పోతాయి?"

జేబులోంచి జాబితా తీసి ఇచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని చదివాడు.

"ముందు పోయేది ఇదేనా?"

"అవునండీ."

"ఎందుకు?"

"నాలుగిళ్ళే ఉన్నాయి. ఇక్కడ మారిస్తే తక్కువమందికి ఇబ్బంది."

ఆయన కాగితం మడిచి నా చేతిలో పెట్టాడు. గొంతు పెంచలేదు. బస్సులో పిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు.

"తాతయ్యకి కూడా అదే చెప్పారు. మీరు కొద్దిమంది, వచ్చేవాళ్ళు చాలామంది, మీరు కదిలితేనే తక్కువ ఇబ్బంది అని."

తెర మీద ఆ నాలుగిళ్ళని అడుగుకి తోసిన చెయ్యి, ఈ జాబితా రాసిన చెయ్యి ఒకటేనని నాకు అక్కడ తెలిసింది. అదీ పద్ధతి ప్రకారం, మర్యాదగా, అంకెలతో. ఆయన ఆ మాట నన్ను గుచ్చడానికి అనలేదు. జరిగింది చెప్పాడంతే. దాంతో నాకు దాక్కోవడానికి చోటు లేకుండా పోయింది.

మర్నాటి సభలో హాలు నిండిపోయింది. ట్రెయిల్ వాళ్ళు అరవైమంది దాకా వచ్చారు. నా మిత్రుడు రెండో వరసలో కూర్చుని నాకేసి బొటనవేలు ఎత్తాడు. సీనియర్ ఆపరేటరు సెలవు పెట్టి మరీ వచ్చి గోడకి ఆనుకుని నిలబడింది. రైతు భార్య ముందు వరసలో, పక్కన కాన్సస్ పెద్దాయన. పొరపాటు వల్ల నష్టపోయిన మనిషి కాబట్టి పేరు తీసేయమనే ఆవిడ అడుగుతుందని బోర్డు వాళ్ళు అనుకుంటున్నారు.

నా జాబితా గోడ మీద పడింది. నా పెన్షన్‌కి ఇంకా రెండేళ్ళుంది. లేచి నిలబడ్డాను.

"ఈ జాబితా తప్పు," అన్నాను. "నేనే రాశాను. అంబులెన్సు ఆలస్యమైంది ఈ పేరు వల్ల కాదు. 911 తెర మీద ఎక్కువ ఇళ్ళున్న రోడ్డు పైన వచ్చేలా పెట్టింది నేను. ఆపరేటరు పైనున్నది నొక్కింది. ఆ అమ్మాయి తప్పు లేదు, ఆ పేరు తప్పూ లేదు. అదే తప్పు ఈ జాబితాలో రెండోసారి చేశాను. ట్రెయిల్‌లో నా స్నేహితులున్నారు. వాళ్ళ భయం నిజమైనదే, కానీ దానికి మందు ఫారాలు నింపడం, ఇంకొకరి బోర్డు పీకడం కాదు. ఏది అన్నిటికంటే ముందు పుట్టిందో పేరు దానికి ఉండాలి. లేన్ ముందు పుట్టింది."

డైరెక్టరు నేల చూశాడు. నా మిత్రుడి బొటనవేలు ఎటు పోయిందో నేను చూడలేదు.

రైతు భార్య లేచింది. మైకు అక్కర్లేదంది. "మా ఆయన రాలేకపోయాడు. ఇలా చేసిందెవరో తెలిస్తే మొహం మీద తిట్టిపోయాలని వచ్చాను. ఇప్పుడు తెలిసింది." నాకేసి తిరిగింది. "ఈ రెండు నెలల్లో ఎప్పుడొచ్చి చెప్పినా తిట్టేదాన్ని. పదిమందిలో చెప్పావు. తిట్టను. మా బోర్డు మాత్రం పీకకండి."

కాన్సస్ పెద్దాయన వంతు వచ్చింది. లేచి, "ఆవిడ చెప్పింది చాలు," అని కూర్చున్నాడు. పది గంటలు కారు నడిపి వచ్చి మూడే మాటలు మాట్లాడిన మనిషిని అంతకుముందు చూడలేదు, ఆ తరవాతా చూడలేదు.

లేన్‌కి పేరు ఉంచి, మిగతా నాలుగూ మార్చాలని బోర్డు తీర్మానించింది. బయట పార్కింగ్‌లో మిత్రుడు నన్ను పట్టుకున్నాడు.

"అన్నా, ఇంతకూ మీరు మా దిక్కా, వాళ్ళ దిక్కా?"

"మ్యాపు గీసేవాణ్ణి తమ్ముడూ, నాకు నాలుగు దిక్కులూ కావాలి."

"నవ్వులాట కాదన్నా," అని కారెక్కి పోయాడు. మూడు నెలలు ఫోన్ లేదు.

నా ఉద్యోగం పోలేదు. డైరెక్టరు నన్ను గదిలోకి పిలిచి, ఫైలులోకి ఒక మందలింపు కాగితం వేసి, ఒక శిక్ష వేశాడు. ట్రెయిల్ క్లబ్‌హౌస్‌లో ప్రతి శనివారం కూర్చుని, ఆ వీధి వాళ్ళందరి అడ్రసు మార్పు ఫారాలూ దగ్గరుండి నింపించాలి. ఏడు శనివారాలు పట్టింది. మూడో వారం నుంచి మా ఆవిడ ఫ్లాస్కులో కాఫీ తెచ్చి పక్కనే కూర్చుంది. ప్రతి ఫారానికీ నకలు తీసి, రసీదు వచ్చే పోస్టులో వేయించాను. ఏడో శనివారం ఆఖరుగా నా మిత్రుడు వచ్చాడు. మాట్లాడకుండా ఫారం నింపి, లేస్తూ బల్ల మీద ఒక డబ్బా పెట్టాడు. సర్వపిండి. చల్లారిపోయి ఉంది. అంతకంటే రుచిగా ఎప్పుడూ తినలేదు. పేరు మారినందుకు ఒక్కరి గ్రీన్ కార్డూ ఆగలేదు. ఆగినవి ఆగడానికి ఈ దేశానికి వేరే కారణాలు బోలెడున్నాయి.

తెర మీద వరస కూడా మార్చాను, ఈసారి సీనియర్ ఆపరేటరుని పక్కన కూర్చోబెట్టుకుని. ఎంత పెద్ద రోడ్డయినా, చిన్న రోడ్డయినా పేరు పక్కన దగ్గరలో కనిపించే గుర్తు ఒకటి రావాలంది ఆవిడ. వాటర్ ట్యాంకు ఎదురుగా, చర్చి వెనక, వాల్‌నట్ చెట్ల పక్కన. మా ఊళ్ళో ఉత్తరాల మీద అడ్రసులు అలాగే రాసేవాళ్ళం. అది పనికిమాలిన పద్ధతని ముప్ఫయ్యేళ్ళు అనుకున్నాను. ఆవిడ తన బుర్రలో ఉన్న కౌంటీ మొత్తాన్ని పదిహేను రోజులు చెప్తూ పోయింది, నేను కొడుతూ పోయాను. నేను చూసిన మ్యాపుల్లో అన్నిటికంటే గొప్పది ఆవిడే.

తరవాతి చలికాలం ఒక మధ్యాహ్నం నా బల్ల మీద ఫోన్ మోగింది.

"హనీ, నీ నాలుగిళ్ళ లేన్. పన్నెండో నంబరు. ముసలాయన మళ్ళీ పడ్డాడు. ఆరు నిమిషాల్లో వెళ్ళారు."

"ఎలా ఉన్నాడు?"

"ఆసుపత్రికి తీసుకెళ్తున్నవాళ్ళ మీద ఎడమ చేత్తో విసుక్కుంటున్నాడట. బతుకుతాడు." కొంచెం ఆగి అంది. "ఫోన్ తీసింది ఆ పిల్లే."

ఆయన ఇంకో మూడేళ్ళు బతికాడు.

ఇప్పుడు ఎందుకు పేరు రాయలేదో చెప్తాను. మా ఆవిడ మామగారి పేరు పలకకపోవడం పాతకాలపు చాదస్తమని చాలా ఏళ్ళు ఏడిపించాను. ఆ నాయకుడి పేరుని పదిహేడు చోట్ల రాసి, తెర మీదికి ఎక్కించి, వరసలో పైకీ కిందికీ తోసినవాణ్ణి నేను. ఆ పేరు వాడుకోవడానికి నాకున్న వాటా ఖర్చు చేసేసుకున్నాను. కాన్సస్ పెద్దాయన అన్నట్టు తాతయ్య అంటే నాకిప్పుడు చాలు.

మొన్న వసంతంలో మా ఆవిడా నేనూ అటుగా వెళ్ళాం. రైతు భార్య కూడా పోయిందట. పన్నెండో నంబరు ఇల్లు పడగొట్టేశారు, చోటంతా గడ్డి. ఇప్పుడు లేన్‌లో మూడిళ్ళే ఉన్నాయి. బోర్డు నిటారుగా ఉంది.